శిక్షపై అప్పీలు: సహేతుక సందేహాన్ని రికార్డులో వెతికి నిలబెట్టడం ఎలా?

నేరం రుజువైందని కింది కోర్టు తీర్పు చెప్పగానే ముద్దాయి తరఫువాళ్లు లాయరుతో అనే మొదటి మాట, "మావాడు ఆ పని చేయలేదండీ" అని. ఆ మాట నిజమే కావచ్చు. అయినా అప్పీలు కోర్టు తేల్చేది అది కాదు. ప్రాసిక్యూషన్ తెచ్చిన సాక్ష్యం నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేసిందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే అక్కడ వాదం నడుస్తుంది. ఆ సందేహం వాదించేవారి మాటకారితనంలోంచి పుట్టదు. విచారణ కోర్టు రికార్డులో, ఏదో ఒక సాక్షిని ఎదుటి పక్షం లాయరు ప్రశ్నించిన క్రాస్ ఎగ్జామినేషన్‌లోనో, ఎఫ్‌ఐఆర్ మీద మేజిస్ట్రేట్ వేసిన తేదీలోనో అది ముందే ఉండి ఉండాలి. దాన్ని వెతికి పట్టుకోవడం, కేసుకు ఆయువుపట్టయిన అంశంతో ముడిపెట్టడం, తీర్పు దానికి జవాబు చెప్పలేదని చూపించడం. అప్పీలు పని అంతా ఈ మూడింటిలో ఉంది.

ఈ మార్గదర్శి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో శిక్ష పడినవారి కుటుంబాల కోసం, క్రిమినల్ అప్పీళ్లు కొత్తగా చేపట్టే జూనియర్ లాయర్ల కోసం. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ అప్పీలు సూత్రాలు దాదాపు అవే. ఆ తేదీనాటికే పెండింగులో ఉన్న అప్పీళ్లు పాత చట్టం ప్రకారమే సాగుతాయి.

మొదటి వారం: కాపీ, గడువు, బెయిలు

జైలు శిక్ష పడితే తీర్పు ప్రతిని ముద్దాయికి వెంటనే ఉచితంగా ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 404వ సెక్షన్ చెబుతోంది. దాన్ని అడిగి తీసుకోండి. అదే రోజు తీర్పుకూ, సాక్షుల వాంగ్మూలాలకూ, ఎగ్జిబిట్లకూ (సాక్ష్యంగా కోర్టు గుర్తించిన పత్రాలకూ) సర్టిఫైడ్ కాపీల దరఖాస్తు పెట్టించండి.

గడువును లిమిటేషన్ చట్టం నిర్ణయిస్తుంది. సెషన్స్ కోర్టుకు వెళ్లే అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు వెళ్లే అప్పీలుకు 60 రోజులు, మరణశిక్ష అయితే హైకోర్టుకు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీ తయారు కావడానికి పట్టిన కాలాన్ని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మినహాయింపు కాపీ సిద్ధమైన రోజుతో ఆగిపోతుంది. ఆ తర్వాత మీరు తీరిక చూసుకుని వెళ్లి తెచ్చుకునేదాకా గడిచిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. కాపీ మీద ఉన్న ముద్రలో ఈ తేదీలన్నీ ఉంటాయి, చూసుకోండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. జైల్లో ఉన్నవారి విషయంలో కోర్టులు కాస్త ఉదారంగానే ఉంటాయి. దాన్ని నమ్ముకుని తాత్సారం చేయడం మాత్రం తగదు.

శిక్ష మూడేళ్లకు మించకుండా ఉండి, విచారణ కాలంలో ముద్దాయి బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకునేందుకు వీలుగా శిక్ష విధించిన కోర్టే బెయిలు ఇవ్వగలదు. తీర్పు చెప్పిన రోజునే ఆ పిటిషన్ సిద్ధంగా ఉంచుకోవాలి, జామీనుదారులతో సహా. అంతకు మించిన శిక్ష అయితే ముద్దాయి నేరుగా జైలుకు వెళతాడు. అప్పుడు అప్పీలుతో పాటే బీఎన్‌ఎస్‌ఎస్ 430వ సెక్షన్ కింద శిక్ష నిలుపుదల పిటిషన్ వేయాలి. నేరానికి మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లకు తక్కువ కాని శిక్ష ఉన్నప్పుడు, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశాన్ని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఇచ్చాకే కోర్టు నిర్ణయం తీసుకుంటుంది.

నిలుపుదల పిటిషన్‌లో మొత్తం కేసును వాదించబోవద్దు. సాక్ష్యాన్ని మళ్లీ తూచే దశ అది కాదనీ, రికార్డు పైపైన చూసినా కనిపించే లోపం ఉంటేనే ముద్దాయికి మేలు జరుగుతుందనీ 2023లో ఓంప్రకాశ్ సాహ్ని కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండే రెండు బలమైన లోపాలు చూపించండి. నలభై వైరుధ్యాలు ఏకరువు పెడితే "ఇవన్నీ తుది విచారణలో చూద్దాం" అన్న మాటే తిరిగి వస్తుంది.

జరిమానా వసూలు నిలిపివేయమని విడిగా అడగాలి. ప్రభుత్వోద్యోగులూ ప్రజాప్రతినిధులూ అడిగే "నేర నిర్ధారణపై స్టే" వేరే విషయం. అది అరుదుగా, ప్రత్యేక కారణాలు చూపితేనే దొరుకుతుంది. 2023 ఆగస్టులో రాహుల్ గాంధీకి సుప్రీంకోర్టులో దొరికింది అదే. శిక్ష మాత్రమే నిలిపితే ఉద్యోగం, పదవి నిలవవు. చెక్కు బౌన్స్ కేసుల్లో జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. ఆ డబ్బు ముందే సర్దుకోవాలి.

యావజ్జీవ ఖైదీల అప్పీళ్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. దీన్ని దృష్టిలో పెట్టుకునే 2016లో బచ్చు రంగారావు కేసులో అప్పటి ఉమ్మడి హైకోర్టు, శిక్ష పడ్డాక ఐదేళ్లు జైల్లో గడిచినా అప్పీలు తేలని ఖైదీల బెయిలును పరిశీలించాలని చెప్పింది. కొన్ని రకాల నేరాలను దీనినుంచి మినహాయించింది. మొదటిసారి బెయిలు రాకపోతే ఈ తీర్పు కింద మళ్లీ అడిగే తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో జరిగిన విద్యార్థిని హత్య కేసు తెలుగువాళ్లందరికీ గుర్తే. 2008లో అరెస్టయిన యువకుడికి 2010లో శిక్ష పడింది. హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది 2017 మార్చి 31న.

ఏ కోర్టుకు, ఎవరి ఖర్చుతో

మేజిస్ట్రేట్ శిక్ష విధిస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. సెషన్స్ జడ్జి లేదా అదనపు సెషన్స్ జడ్జి విధిస్తే హైకోర్టుకు. ఏ ఇతర కోర్టయినా ఏడేళ్లకు మించి జైలు శిక్ష వేస్తే అదీ హైకోర్టుకే. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌ది అమరావతిలో, తెలంగాణది హైదరాబాద్‌లో. నేరాన్ని ఒప్పుకుని శిక్ష పొందినవారికి శిక్ష పరిమాణంపైనా, దాని చట్టబద్ధతపైనా తప్ప అప్పీలు హక్కు ఉండదు. మేజిస్ట్రేట్ వేసే వంద రూపాయల్లోపు జరిమానా వంటి చిన్న శిక్షలకూ అప్పీలు లేదు.

మేజిస్ట్రేట్ కోర్టు కేసుల్లో ఒక సంగతి మరిచిపోకూడదు. సెషన్స్ కోర్టులో అప్పీలు ఓడిపోతే హైకోర్టులో రెండో అప్పీలు ఉండదు, రివిజన్ మాత్రమే ఉంటుంది. రివిజన్‌లో సాక్ష్యాన్ని మొదటినుంచి తూచరు. కాబట్టి వాస్తవాలపై పూర్తిస్థాయి వాదనకు ఆ సెషన్స్ అప్పీలే ఆఖరి వేదిక. "ఎలాగూ పైకి వెళతాం కదా" అని దాన్ని నామమాత్రంగా నడిపించే లాయర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బు లేకపోవడం అప్పీలుకు అడ్డంకి కానే కాదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. అప్పీలు దశకూ ఈ హక్కు వర్తిస్తుందని హోస్కోట్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చర్లపల్లిలో ఉన్నా రాజమహేంద్రవరంలో ఉన్నా ఖైదీ తన అప్పీలును జైలు అధికారికి ఇస్తే చాలు, ఆయన దాన్ని కోర్టుకు పంపాలి. కుటుంబం 15100 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, లేదా హైకోర్టు న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. ఉచితంగా వచ్చిన లాయరుకు కూడా కాగితాలన్నీ మీరే చేర్చాలి. ఆ బాధ్యత ఆయన మీదికి నెట్టకండి.

రికార్డు సేకరణ

తీర్పు ఒక్కటే పట్టుకుని అప్పీలు రాయడం వ్యర్థం. కావలసినవి: ఎఫ్‌ఐఆర్, దాని మీద మేజిస్ట్రేట్ రాసిన తేదీ, సమయం, శవ పంచనామా, ఘటనా స్థల పంచనామా, రఫ్ స్కెచ్, పోస్ట్‌మార్టం, ఫోరెన్సిక్ నివేదికలు, ప్రాసిక్యూషన్ సాక్షులందరి వాంగ్మూలాలు, ప్రధాన విచారణ, క్రాస్ రెండూ, పోలీసుల ముందు ఆ సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలు, డి సిరీస్ ఎగ్జిబిట్లు (ముద్దాయి తరఫున గుర్తించిన పత్రాలు), జడ్జి ముద్దాయిని అడిగిన ప్రశ్నలూ అతని జవాబులూ, చివరగా, కోర్టు రోజువారీ ఉత్తర్వులు. వాయిదాల చరిత్ర ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసుకు ఇచ్చే ప్రత్యేక సీఎన్ఆర్ నంబరుతో దొరుకుతుంది.

ఇప్పుడు చదవండి. నా సలహా, తీర్పును చివరన చదవమని. ముందు ఎఫ్‌ఐఆర్, తర్వాత పంచనామాలు, తర్వాత సాక్షులు, అన్నీ అయ్యాక తీర్పు. తీర్పు ముందు చదివితే జడ్జిగారు పేర్చిన కథ మన కళ్లకు కట్టేస్తుంది, ఆపైన సాక్షి చెప్పనిది కూడా చెప్పినట్టే కనబడుతుంది. ఎఫ్‌ఐఆర్‌తో మొదలుపెడితే కథ ఏ రోజు ఎంత పెరిగిందో తెలుస్తుంది.

చదువుతూ నాలుగు గడుల పట్టిక వేయండి. మొదటి గడిలో తీర్పులోని ఒక నిర్ధారణ, పేరా నంబరుతో. రెండోదానిలో ఆ నిర్ధారణకు జడ్జి ఆధారం చేసుకున్న సాక్ష్యం. మూడోదానిలో దానికి ఎదురుగా రికార్డులో ఉన్నది, పేజీ నంబరుతో. నాలుగోదానిలో తీర్పు దానికి ఇచ్చిన జవాబు. నాలుగో గడి ఖాళీగా మిగిలిన చోటే మీ అప్పీలు ఉంది. జవాబు ఉన్నచోట, ఆ జవాబు ఎందుకు నిలవదో ఆలోచించాలి.

ఒక హెచ్చరిక. పోలీసుల ముందు సాక్షి చెప్పింది దానంతటదే సాక్ష్యం కాదు. కోర్టులో చెప్పిన మాటకు అది విరుద్ధంగా ఉంటే, విచారణ సమయంలోనే క్రాస్‌లో ఆ భాగాన్ని సాక్షికి చూపించి, తర్వాత దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేయించి ఉండాలి. 1959 నాటి తహసీల్దార్ సింగ్ తీర్పు నుంచి ఈ నియమం పాతుకుపోయింది. కింది కోర్టు లాయరు ఆ పని చేసి ఉంటేనే ఆ వైరుధ్యం మీకు పనికొస్తుంది. చేయకపోతే, ఎంత అద్భుతమైన వైరుధ్యమైనా అప్పీలులో దాన్ని ఎత్తగానే ప్రాసిక్యూటర్ లేచి అభ్యంతరం చెబుతారు. ముందుగా చూసేది ఇదే.

ఏ సందేహం నిలుస్తుంది?

1973లో రెండు తీర్పులు వచ్చాయి. రెండూ పక్కపక్కన చదవదగినవి. కాలీరాం కేసులో, సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు వీలుంటే ముద్దాయికి అనుకూలమైనదాన్నే తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. శివాజీ బోబడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మరో వైపు చూపించారు. చేసి ఉండవచ్చు, చేసే ఉండాలి అన్న రెండింటి మధ్య దూరం చాలా ఉందంటూనే, ఊహల్లో పుట్టే ప్రతి అనుమానానికీ ముద్దాయిని వదిలేస్తే సమాజానికి న్యాయం జరగదన్నారు. ఆ కేసులో ముద్దాయి ఓడిపోయాడు కూడా. అప్పీలు రాసేవారు మొదటి తీర్పునే ఉటంకిస్తారు. బెంచి మనసులో రెండోది ఉంటుందని గుర్తుంచుకుంటే మంచిది.

ఆచరణలో ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక కేసు ఊహించుకుందాం. రాత్రి పదిన్నరకు ఊరి చివర చెరువు గట్టు మీద ఒకరిని కత్తితో పొడిచి చంపారు. మృతుడి తమ్ముడు పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి), ఏకైక ప్రత్యక్ష సాక్షి. వీధిదీపం వెలుతురులో ముద్దాయిని చూశానని కోర్టులో చెప్పాడు. మీరు రికార్డు తిరగేస్తే నాలుగు విషయాలు బయటపడ్డాయి. అతను ఇచ్చిన ఫిర్యాదులో వెలుతురు ఊసే లేదు. రఫ్ స్కెచ్‌లో కరెంటు స్తంభం లేదు. ఎఫ్‌ఐఆర్ అర్ధరాత్రి నమోదైందన్నారు కానీ, ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మేజిస్ట్రేట్‌కు మర్నాడు సాయంత్రం నాలుగింటికి చేరింది. పొద్దున జరిగిన శవ పంచనామాలో ముద్దాయి పేరు లేదు.

వీటిని విడివిడిగా వాదిస్తే ఒక్కొక్కటిగా పడగొడతారు. ఎఫ్‌ఐఆర్ కోర్టుకు ఆలస్యంగా చేరడానికి వివరణ ఇవ్వవచ్చు. పంచనామాలో పేరు లేకపోవడం దానికదే లోపం కాదని, మరణకారణం తేల్చడమే దాని పని అని 1975లో పెద్ద నారాయణ కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు విజ్ఞాన సర్వస్వం కాదు, అన్ని వివరాలూ ఉండనక్కర్లేదు అంటారు. కానీ ఈ నాలుగూ ఒకే ప్రశ్న వైపు వేలు చూపుతున్నాయి: ఆ రాత్రి ఆ తమ్ముడు నిజంగా ఎవరినైనా చూశాడా, లేక మర్నాడు సాయంత్రానికి ఊళ్లో అనుకున్న పేరును ఎఫ్‌ఐఆర్‌లో చేర్చారా? అలా ఒకే చోట కలిసే లోపాలే సహేతుక సందేహం. వాటిలో ప్రతి ఒక్కటీ రికార్డులో ఉంది, కేసుకు ప్రాణమైన గుర్తింపును తాకుతోంది.

నిలవని వాదనలు చాలా ఉన్నాయి. సాక్షి బంధువు కాబట్టి నమ్మలేం అన్నది మొదటిది. అసలు దోషిని వదిలేసి వేరేవాళ్లను ఇరికించడానికి సొంత మనిషి మామూలుగా ఒప్పుకోడని 1953 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. పాతకక్ష ఉందని రికార్డు చూపితే మాట వేరు. ఒక్క సాక్షి మీదే శిక్ష వేశారన్న వాదనా అంతే. వడివేలు తేవర్ కేసు (1957) ప్రకారం సాక్షుల సంఖ్య కంటే నాణ్యత ముఖ్యం. ఆ తీర్పును మీకు అనుకూలంగానూ వాడుకోవచ్చు. పూర్తిగా నమ్మదగినవాడూ పూర్తిగా నమ్మరానివాడూ కాని సాక్షి విషయంలో మరో ఆధారం తోడు కావాలని అందులోనే ఉంది. సాక్షి అడ్డం తిరిగితే అతని సాక్ష్యమంతా కొట్టుకుపోదు, మిగిలిన భాగాన్ని కోర్టు నమ్మవచ్చు. దర్యాప్తు లోపభూయిష్ఠంగా ఉందన్నంత మాత్రాన ముద్దాయి విడుదల కాడు. ఆ లోపం వల్ల ఏ కీలక విషయం రుజువు కాకుండా పోయిందో చూపాలి. చొక్కా రంగు, దెబ్బల సంఖ్య, ఎవరు ముందు నిలబడ్డారు అనే తేడాలకు బెంచి చెవి ఒగ్గదు. భయంలో ఉన్న మనిషి ఫొటో తీసినట్టు చూడడు కదా.

పోస్ట్‌మార్టం నివేదిక మరో రకం. డాక్టరు అభిప్రాయం సాక్షి మాటకు కొంచెం భిన్నంగా ఉంటే సాక్షి మాటే నెగ్గుతుంది. సాక్షి చెప్పిన తీరులో ఆ గాయం తగలడమే అసాధ్యమని వైద్య సాక్ష్యం తేల్చినప్పుడే తూకం మారుతుంది. డాక్టరు క్రాస్‌ను రెండుసార్లు చదవండి, అలాంటి ఒప్పుకోలు సాధారణంగా చివరి రెండు వాక్యాల్లో దాగి ఉంటుంది.

మరణ వాంగ్మూలం ఉన్న కేసుల్లో పాత తీర్పులను నమ్మి మోసపోకండి. స్పృహతో ఉన్నారన్న డాక్టరు ధ్రువీకరణ లేకపోతే వాంగ్మూలం చెల్లదన్నట్టుగా 1999లో పాపారంబాక రోసమ్మ కేసులో వచ్చిన తీర్పును, 2002లో లక్ష్మణ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తోసిపుచ్చింది. ఇప్పుడు పనికొచ్చేవి వేరు: ఒకటికంటే ఎక్కువ వాంగ్మూలాలుండి అవి ముఖ్య విషయంలో పొసగకపోవడం, రాసుకునేటప్పుడు బంధువులు పక్కనే ఉండడం, కాలిన గాయాల తీవ్రతకూ సుదీర్ఘమైన సమాధానాలకూ పొంతన లేకపోవడం.

ప్రత్యక్ష సాక్షి లేని కేసులు

పరిస్థితుల సాక్ష్యం మీద పడిన శిక్షల్లోనే సందేహానికి ఎక్కువ చోటు. ఇక్కడ మీ ప్రధానాయుధం శరద్ బిర్దిచంద్ శార్దా తీర్పు. భార్య విషప్రయోగంతో మరణించిన ఆ కేసులో మరణశిక్ష పడిన భర్తను 1984లో సుప్రీంకోర్టు విడుదల చేస్తూ ఐదు సూత్రాలు పెట్టింది. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అవన్నీ ముద్దాయి దోషిత్వంతోనే పొసగాలి. నిశ్చయాత్మకంగా ఉండాలి. మరే ఇతర వివరణకూ తావివ్వకూడదు. గొలుసు ఎక్కడా తెగకూడదు. ముద్దాయి అబద్ధం చెప్పాడన్నది తెగిన గొలుసును అతికించదని కూడా అదే తీర్పు చెప్పింది. కింది కోర్టులు తరచూ మరిచిపోయే మాట ఇది.

పరిస్థితులను వరుసగా రాసుకోండి: చివరిసారి కలిసి కనిపించడం, ఉద్దేశం, ఆయుధం దొరకడం, ఫోన్ లొకేషన్. ఒక్కోదాన్ని విడిగా పరీక్షించండి. చివరిసారి చూసిన సమయానికీ మరణానికీ మధ్య గంటలు ఎన్ని? మధ్యలో మూడో మనిషి రావడానికి వీలుందా? ఉద్దేశం రుజువు కాకపోవడం ప్రత్యక్ష సాక్షి ఉన్న కేసులో పెద్ద లోపం కాదు. ఇక్కడ మాత్రం బరువైనదే.

ఆయుధం స్వాధీనం విషయంలో మన గుంటూరు జిల్లా నుంచి బ్రిటిష్ కాలపు చివరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు నేటికీ దేశమంతటా దిక్సూచి. ముద్దాయి చెప్పడం వల్ల ఫలానాచోట కత్తి ఉందన్న విషయం, అది అతనికి తెలుసన్న విషయం మాత్రమే రుజువవుతాయి. "ఈ కత్తితోనే పొడిచాను" అన్న భాగం సాక్ష్యంగా చెల్లదు. పంచనామాలో ఆ వాక్యాన్నీ ఎగ్జిబిట్‌గా గుర్తించి, తీర్పులో దాన్ని వాడుకున్నారేమో చూడండి. కత్తి దొరికింది అందరూ తిరిగే చోటా, మధ్యవర్తులుగా సంతకం చేసినవారు కోర్టులో ఏమన్నారు, దానిపై రక్తం మృతుడిదేనని ఫోరెన్సిక్ నివేదిక చెప్పిందా లేక మానవ రక్తమని మాత్రమే అందా, సీలు వేసిన రోజుకూ ల్యాబుకు చేరిన రోజుకూ మధ్య అది ఎవరి దగ్గరుంది?

సీసీ కెమెరా, కాల్ డేటా ఉంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ చూడండి. పాత సాక్ష్య చట్టం 65బీ, ఇప్పుడు సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్. అది తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తేలింది.

"ఇంట్లో జరిగింది కాబట్టి ముద్దాయే వివరణ ఇవ్వాలి" అని తీర్పు అంటే, అది పాత సాక్ష్య చట్టం 106, ఇప్పటి సాక్ష్య అధినియమ్ 109వ సెక్షన్. ప్రాసిక్యూషన్ ముందు తన భారాన్ని మోయాలి, అప్పుడే ముద్దాయి వంతు వస్తుంది. ఆ క్రమం తీర్పులో తలకిందులైందా అని చూడండి. జడ్జి ముద్దాయిని అడిగిన ప్రశ్నల పత్రం కూడా ఇక్కడే పనికొస్తుంది. శిక్షకు ఆధారం చేసుకున్న పరిస్థితిని ముద్దాయి ముందు పెట్టి జవాబు అడగకపోతే, దానివల్ల అతనికి నష్టం జరిగిందని చూపగలిగితే, ఆ పరిస్థితిని పక్కన పెట్టాలి.

చెక్కు బౌన్స్, పోక్సో, మాదకద్రవ్యాల కేసుల్లో చట్టమే కొన్ని విషయాలను ముద్దాయికి వ్యతిరేకంగా ఊహిస్తుంది. చెక్కు కేసులో ఆ ఊహను తొలగించడానికి సంభావ్యత చూపితే చాలు, సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు. అయినా ఏదో ఒకటి చూపాలి. ఉత్త సందేహం సరిపోదు.

గ్రౌండ్స్ (అప్పీలుకు కారణాలు) రాయడం

"కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు, తీర్పు చట్టవిరుద్ధం" అన్న వాక్యాలు వేల అప్పీళ్లలో ఉంటాయి. జడ్జిలు వాటిని చదవరు. పై ఉదాహరణనే ఇలా రాయవచ్చు:

"పీడబ్ల్యూ 1 వీధిదీపం వెలుతురులో ముద్దాయిని గుర్తించానన్నారు. ఫిర్యాదు ఎగ్జిబిట్ పి1లో వెలుతురు ప్రస్తావన లేదు. ఎగ్జిబిట్ పి6 స్కెచ్‌లో స్తంభం లేదు. స్తంభం ఉందో లేదో తాను నమోదు చేయలేదని దర్యాప్తు అధికారి పీడబ్ల్యూ 11 క్రాస్‌లో ఒప్పుకున్నారు. ఈ మూడింటినీ ప్రస్తావించకుండానే 23వ పేరాలో గుర్తింపు రుజువైందని నిర్ధారించారు."

ఇందులో విశేషణం ఒక్కటీ లేదు. ఉండనక్కర్లేదు. ఇలాంటివి ఐదారు చాలు. బలమైనవి ముందు పెట్టండి. బలహీనమైన ఇరవై చేరిస్తే బలమైన ఐదూ వాటి కింద నలిగిపోతాయి.

నిర్దోషిత్వంతో పాటు ప్రత్యామ్నాయ విన్నపం కూడా ఉంచండి: హత్య సెక్షన్ నుంచి హత్య కాని నరహత్యకు మార్చడం, ఉమ్మడి ఉద్దేశం రుజువు కాలేదనడం, శిక్ష తగ్గింపు. ఇది ఓటమిని ఒప్పుకోవడమని కుటుంబాలు భయపడతాయి. కోర్టు అలా చూడదు. అదే సాక్ష్యం మీద సహముద్దాయిని వదిలేసి ఉంటే దానికి ప్రత్యేకంగా ఒక గ్రౌండ్ కేటాయించండి. విచారణలో లేని కొత్త ఆధారం దొరికితే 432వ సెక్షన్ కింద అదనపు సాక్ష్యానికి పిటిషన్ వేయవచ్చు, కానీ మీ లాయరు అప్పుడు అడగడం మరిచిన ప్రశ్నలను ఇప్పుడు అడగడానికి అది దారి కాదు.

ముద్దాయి వేసిన అప్పీలులో శిక్షను పెంచే అధికారం కోర్టుకు లేదు. అయితే శిక్ష చాలలేదని ప్రభుత్వం విడిగా అప్పీలు వేయవచ్చు. అలా వేసిందేమో కనుక్కోండి.

విచారణ రోజు

మొదటి అప్పీలులో కోర్టు సాక్ష్యాన్ని తనంతట తానుగా మళ్లీ తూచాలి. కింది కోర్టుతో ఏకీభవిస్తున్నామని రెండు ముక్కల్లో తేల్చేయడం కుదరదని 2000లో పదమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు రాకపోయినా అప్పీలును గైర్హాజరు కింద కొట్టేయకూడదు, రికార్డు చూసి యోగ్యతలపైనే తేల్చాలి (బానీ సింగ్, 1996). ఇది రక్షణే, కానీ మీ వైపు ఎవరూ నిలబడని విచారణలో రికార్డు ఒక్కటే ఎంతవరకు మాట్లాడగలదో ఆలోచించుకోండి. కేసు లిస్టులోకి వచ్చిన రోజు లాయరు ఉన్నారో లేదో కుటుంబమే చూసుకోవాలి.

వాదన మొదలుపెట్టేటప్పుడు కథంతా చెప్పవద్దు. "ఈ కేసు పీడబ్ల్యూ 1 చూశాడా లేదా అన్నదాని మీద నిలబడి ఉంది" అని ఒక్క వాక్యంతో మొదలుపెట్టి పేజీ నంబర్లకు వెళ్లండి. మూడు పేజీల రాతపూర్వక నోట్ ఇవ్వండి, పట్టికను దానికి జత చేయండి. సాక్షిని చూసింది కింది జడ్జిగారే కదా అని బెంచి అడుగుతుంది. సాక్షి తీరు గురించి ఆయన రికార్డులో ఏమీ రాయకపోతే, ఆ సంగతి చెప్పండి. మీకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని దాచవద్దు, ప్రాసిక్యూటర్ ఎలాగూ చదువుతారు. ముందు మీరే చదివి జవాబు చెబితే మిగతా మాటలకు విలువ పెరుగుతుంది. ఇద్దరు జడ్జిలు భిన్నాభిప్రాయానికి వస్తే కేసు మూడో జడ్జి ముందుకు వెళుతుంది.

తీర్పు తర్వాత

హైకోర్టులో ఓడితే సుప్రీంకోర్టుకు 136వ అధికరణం కింద 90 రోజుల్లో స్పెషల్ లీవ్ పిటిషన్ వేయవచ్చు. అది హక్కు కాదు, అనుమతి. కింది కోర్టు వదిలేసిన వ్యక్తికి హైకోర్టు శిక్ష వేసి, అది మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లకు తక్కువ కాని జైలు అయితే మాత్రం సుప్రీంకోర్టుకు అప్పీలు హక్కుగా ఉంటుంది. అప్పీలు పెండింగులో ఉండగా ముద్దాయి మరణిస్తే, దగ్గరి బంధువులు 30 రోజుల్లో అనుమతి కోరి దాన్ని కొనసాగించవచ్చు. చనిపోయిన మనిషి పేరు మీద మచ్చ తొలగించడానికే కొందరు ఆ పని చేస్తారు.

గెలిస్తే విడుదల ఉత్తర్వు జైలుకు చేరిందో లేదో అదే రోజు కనుక్కోండి. మరో కేసులో వారెంట్ ఉంటే విడుదల ఆగుతుంది. పై కోర్టు పిలిస్తే హాజరవుతానని 481వ సెక్షన్ కింద రాయించుకునే పూచీకత్తు ఆరు నెలలు అమల్లో ఉంటుంది. కట్టిన జరిమానా తిరిగి ఇప్పించమని విచారణ కోర్టులో పిటిషన్ వేయండి. స్వాధీనం చేసుకున్న వాహనం, ఫోను వంటివి ఎవరికి అప్పగించాలో తీర్పులో రాసి ఉందో లేదో చూసి, లేకపోతే అదే పిటిషన్‌లో అడగండి. ఉద్యోగంలోంచి తీసేసిన వారైతే తీర్పు సర్టిఫైడ్ కాపీతో శాఖకు అర్జీ పెట్టుకోవాలి. శాఖాపరమైన విచారణ విడిగా నడిచి ఉంటే కోర్టు విడుదల ఒక్కటే ఉద్యోగాన్ని తిరిగి ఇవ్వదు, ఆ ఉత్తర్వు మీద వేరే పోరాటం అవసరమవుతుంది.